ఉద్యోగం చేసుకుంటూ ఐదు నెలల్లో క్యాట్‌కి ఎలా చదవాలి?

ఆఫీసు అయ్యాక రెండు గంటలే దొరుకుతాయి, పదో తరగతి దాకా తెలుగు మీడియం, లెక్కలు పర్వాలేదు కానీ ఇంగ్లీషంటే భయం అని రాశారు. నేను క్యాట్ (ఐఐఎంల లాంటి మేనేజ్‌మెంట్ కాలేజీల్లో ఎంబీఏ సీటు కోసం రాసే పరీక్ష) మొదలుపెట్టినప్పుడు నా పరిస్థితీ అచ్చం ఇదే, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

మొదటిసారి నా టైమ్‌టేబుల్ నిండా లెక్కలే. వచ్చినవే మళ్లీ మళ్లీ చేసుకుంటూ పోయాను, ఇంగ్లీషు జోలికి పోలేదు. క్యాట్‌లో అలా కుదరదండీ. వెర్బల్ (ఇంగ్లీషు), డీఐఎల్ఆర్ (పట్టికలు, గ్రాఫులు, లాజిక్ పజిళ్లు), క్వాంట్ (లెక్కలు) అని మూడు సెక్షన్లు, ఒక్కోదానికి 40 నిమిషాలు. ఒకదాంట్లో మిగిలిన టైమ్ ఇంకోదానికి వాడుకోలేం. పైగా ఐఐఎంలు సెక్షన్ల వారీగా కూడా కటాఫ్ పెడతాయి. క్వాంట్ బాగా చేసి కూడా వెర్బల్ దగ్గర ఆగిపోయాను, ఆ ఏడాది ఒక్క ఇంటర్వ్యూ కాల్ రాలేదు.

రెండోసారి ఉదయం గంట వెర్బల్‌కే ఇచ్చాను. కష్టమైన పదాల లిస్టులు బట్టీ పట్టలేదు. వెర్బల్‌లో ఎక్కువ ప్రశ్నలు ప్యాసేజీల మీదే వస్తాయి. రోజూ ఒక ఇంగ్లీషు సంపాదకీయం చదవడం, ఒక్కో పేరా అయ్యాక "ఇంతకీ ఈయన ఏమంటున్నాడు?" అని తెలుగులో ఒక్క వాక్యం పైకి చెప్పుకోవడం, అంతే. చెప్పలేకపోతే ఆ పేరా అర్థం కానట్టే, మళ్లీ చదివేవాణ్ణి. రెండు నెలలకి భయం పోయింది.

సాయంత్రం గంట డీఐఎల్ఆర్, క్వాంట్ రోజు మార్చి రోజు. క్వాంట్‌లో ముందు అరిథ్‌మెటిక్, ఆల్జీబ్రా గట్టి చేసుకోండి, మిగతావి తర్వాత.

డీఐఎల్ఆర్ దగ్గర మాత్రం జాగ్రత్త. ఒక మాక్‌లో (ప్రాక్టీసు పరీక్షలో) మొదటి సెట్టే (ఒకే సమాచారం మీద వచ్చే కొన్ని ప్రశ్నలు) పట్టుకుని 22 నిమిషాలు కూర్చున్నాను. టేబుల్ గీశాను, కొట్టేశాను, మళ్లీ గీశాను, తేలలేదు. ఇంటికొచ్చి చూస్తే నేను తెరవని నాలుగో సెట్ తొమ్మిది నిమిషాల్లో అయిపోయింది. ఆ రోజు నుంచి ముందు ఐదు నిమిషాలు అన్ని సెట్లూ చదివి, ఏవి చేయాలో తేల్చుకున్నాకే పెన్ను పట్టేవాణ్ణి.

మాక్ రాయడం కంటే దాన్ని విప్పి చూడటానికే ఎక్కువ టైమ్ పెట్టండి. ఆదివారం ఉదయం రెండు గంటలు రాస్తే, మధ్యాహ్నం మూడు గంటలు తప్పుల మీదే కూర్చునేవాణ్ణి. ప్రతి తప్పు పక్కన నోట్‌బుక్‌లో కారణం రాసేవాణ్ణి: తెలియక చేసిన తప్పా, తొందర వల్లా, అసలు వదిలేయాల్సిన ప్రశ్నా అని. నావి సగం మూడో రకమే. తప్పు ఆప్షన్ పెడితే ఒక మార్కు పోతుంది. ఆప్షన్లు లేకుండా జవాబు టైప్ చేసే ప్రశ్నలకి మైనస్ లేదు, వాటిని ఖాళీగా వదలొద్దు.

పరీక్ష మామూలుగా నవంబరు చివరి ఆదివారం ఉంటుంది. అక్టోబరు నుంచి కొత్త చాప్టర్లు ముట్టుకోకండి, టెన్షన్ తప్ప ఏమీ రాదు.

ఇప్పుడు పుస్తకాలేవీ కొనకండి. ఈ ఆదివారమే పాత ఏడాది పేపర్ ఒకటి తీసి, ఫోన్ పక్క గదిలో పెట్టి, రెండు గంటలు రాయండి. మూడు సెక్షన్లలో ఎన్నెన్ని వచ్చాయో చెప్పండి, దేనికి ఎన్ని రోజులివ్వాలో అప్పుడు చూద్దాం.