గదిలో మిర్చి నారు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

వరంగల్ చపాట మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఘాటు తక్కువ, రంగు ఎక్కువ ఉన్న ఈ కాయను ఇంట్లోనే పెంచుకుందామని చాలామంది గదిలో దీపం కింద నారు పోస్తున్నారు. ఈ సంచికకు వచ్చిన ప్రశ్నలన్నీ మొదటిసారి ఆ ప్రయత్నం చేస్తున్నవాళ్లవే.

ప్రశ్న: పది అంగుళాల కుండీల్లో కొబ్బరిపొట్టు నింపి ఒక్కో విత్తనం పెట్టిన. మొలిచి రెండు వారాలైంది. మొదటి రెండాకులు కిందికి వాలిపోయి పసుపు పచ్చగా అయితున్నయి. కొత్త ఆకు వచ్చుడు ఆగింది. పొద్దున, సాయంత్రం నీళ్లు పోస్తున్న, వర్మీవాష్ కూడా ఇచ్చిన. ఏ ఎరువు వేయాలె? – ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఎరువు ఏదీ వద్దు, నీళ్లు కూడా ఆపండి. మీ మొలకకు గాలి అందడం లేదు.

వేరు నీటితో పాటు గాలినీ తీసుకోవాలి. పది అంగుళాల కుండీలో కొబ్బరిపొట్టు లీటర్ల కొద్దీ నీటిని పట్టి ఉంచుతుంది. రెండంగుళాల వేరున్న మొలక అందులో రోజుకు చెంచాడు కూడా తాగలేదు. పైపొర ఎండి లేత గోధుమ రంగుకు వస్తుంది, లోపల మాత్రం బురదలాగే ఉంటుంది. పైన చూసి మళ్లీ నీళ్లు పోస్తాం. ఊపిరాడని వేరు పనిచేయడం మానేస్తుంది, అప్పుడు చుట్టూ నీళ్లున్నా ఆకు వాలిపోతుంది. నీళ్లు చాలక వాడినట్టే కనిపించడం వల్ల ఇంకా పోస్తాం. ఇంట్లో పోసిన నారు ఎక్కువగా చనిపోయేది ఇలాగే.

రెండు రకాల వాడును ఇలా గుర్తుపట్టండి. నీళ్లు చాలకపోతే ఆకు పలచబడి మెత్తగా వేలాడుతుంది, కుండీ తేలిగ్గా ఉంటుంది, నీళ్లు పోసిన గంట రెండు గంటల్లో మొక్క లేచి నిలబడుతుంది. నీళ్లు ఎక్కువైతే ఆకు బిరుసుగానే ఉండి తొడిమ దగ్గర నుంచి కిందికి వంగుతుంది, కుండీ బరువుగా ఉంటుంది, తెల్లారినా తేరుకోదు. ఇంకా సందేహముంటే రెండంగుళాల లోతు నుంచి పిడికెడు కొబ్బరిపొట్టు తీసి గట్టిగా పిండండి. ఒకటి రెండు చుక్కలు రాలితే సరిగ్గా ఉన్నట్టు, ధారగా కారితే ఎక్కువైనట్టు.

ఇప్పుడు చేయాల్సిన పని: 200 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ గ్లాసు అడుగున నాలుగైదు రంధ్రాలు పెట్టండి. కడిగిన కొబ్బరిపొట్టు మూడు పాళ్లు, వర్మీకంపోస్టు ఒక పాలు, పెర్లైట్ (తేలికైన తెల్లని రాతి గుళికలు) ఒక పాలు కలిపి నింపండి. పెర్లైట్ దొరక్కపోతే కడిగిన దొడ్డు ఇసుక వేయండి. ఇంట్లో చెంచాతో మొలకను వేరు చుట్టూ ఉన్న ముద్దతో సహా ఎత్తి ఇందులోకి మార్చండి. కాండాన్ని పట్టుకోవద్దు, అది నలిగితే మొక్క మిగలదు. పట్టుకోవాల్సి వస్తే ఆకును పట్టుకోండి. మార్చేటప్పుడు వేరు చూడండి. తెల్లగా గట్టిగా ఉంటే మొక్క బతుకుతుంది. గోధుమ రంగులో జిగటగా ఉండి, వేళ్లతో లాగితే పై తొక్క ఊడివస్తే కుళ్లినట్టే. దాని మీద రోజులు పెట్టకుండా కొత్త విత్తనం వేయండి.

తర్వాత నీళ్లు ఎప్పుడు పోయాలో కాటాను అడగండి, గడియారాన్ని కాదు. గ్లాసును బాగా తడిపి, నీరంతా కారిపోయాక వంటింటి కాటా మీద తూచి బరువు రాసుకోండి. ఆ బరువులో మూడో వంతు తగ్గాకే మళ్లీ నీళ్లివ్వాలి. అప్పుడు కూడా అడుగు నుంచి కాస్త కారేదాకా పోసి, సాసరులో నిలిచిన నీటిని పారబోయండి. కొన్నాళ్లకు కాటా లేకుండానే చేతికి బరువు తెలుస్తుంది.

కుండీ అడుగున గులకరాళ్లు పరిచినా నీరు త్వరగా దిగదు. రాళ్ల పైనున్న పొట్టు అంతే తడిగా ఉంటుంది, పైగా వేరుకు చోటు తగ్గుతుంది.

కొబ్బరిపొట్టు దిమ్మెను కడగకుండా వాడి ఉంటే అదీ ఒక కారణమే. అందులో సోడియం, పొటాషియం లవణాలు ఉంటాయి. 650 గ్రాముల దిమ్మె నానితే ఎనిమిది తొమ్మిది లీటర్ల పొట్టు అవుతుంది. దాన్ని రెండు మూడు సార్లు మంచినీళ్లతో కడిగి పిండాలి. తర్వాత లీటరుకు 2 గ్రాముల కాల్షియం నైట్రేట్ కలిపిన నీళ్లలో ఒక రాత్రి ఉంచి, మళ్లీ ఒకసారి కడగాలి. ఈ పని చేయకపోతే మీరిచ్చిన కాల్షియాన్ని పొట్టే పట్టేసుకుంటుంది.

ఎరువు సంగతి: మొదటి రెండాకుల తర్వాత వచ్చే అసలాకులు రెండు జతలు అయ్యేదాకా అవసరం లేదు. ఆ తర్వాత 19:19:19 ఎరువును (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉన్నది) లీటరుకు అర గ్రాము చొప్పున వారానికోసారి ఇవ్వండి, నాలుగు జతలు దాటాక ఒక గ్రాము. ఇప్పటికే పసుపు పడిన ఆకులు మళ్లీ పచ్చబడవు, వాటిని చూసి దిగులు పడొద్దు. వారం పది రోజుల్లో నడుమ నుంచి కొత్త చిగురు కదిలిందంటే మొక్క కోలుకున్నట్టే.

ప్రశ్న: నా మొలకలు నాలుగంగుళాలు సాగి దారాల్లా ఉన్నాయి, కిటికీ వైపు వాలుతున్నాయి. ఊదా రంగు గ్రో లైట్ రెండడుగుల పైన పెట్టాను. – ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: వెలుతురు చాలక సాగుతున్నాయి. మన కన్ను మసకలో సర్దుకుంటుంది కాబట్టి గది వెలుతురుగానే అనిపిస్తుంది. మిట్టమధ్యాహ్నం ఆరుబయట దాదాపు లక్ష లక్స్ వెలుతురు ఉంటుంది, నేరుగా ఎండ పడని కిటికీ దగ్గర రెండు వేలు ఉంటే గొప్ప. మిర్చి నారుకు ఆకు ఎత్తులో 10 నుంచి 15 వేల లక్స్ కావాలి, రోజుకు 14 నుంచి 16 గంటలు.

ఖరీదైన దీపాలు కొననక్కర్లేదు. నాలుగడుగుల పొడవు, 20 వాట్లు, 6500 కె అని రాసి ఉన్న తెల్లని ఎల్‌ఈడీ ట్యూబులు మూడు తీసుకోండి. నాలుగంగుళాల ఎడంతో పక్కపక్కనే బిగించి, ఆకుల పైన 10 నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తులో వేలాడదీయండి. గొలుసుతో వేలాడదీస్తే మొక్క పెరిగే కొద్దీ పైకి జరపవచ్చు. మామూలు ప్లగ్ టైమర్ ఒకటి పెట్టి తెల్లవారి ఆరింటికి వెలిగి రాత్రి తొమ్మిదింటికి ఆరేలా చూడండి. రాత్రంతా వెలిగించి ఉంచడం వల్ల నారుకు మేలేమీ లేదు. ఫోన్‌లో లక్స్ కొలిచే యాప్ తెల్లని వెలుతురుకు ఉజ్జాయింపుగా సరిపోతుంది, ఊదా రంగు కింద మాత్రం తప్పు చెబుతుంది. ఊదా దీపానికి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. దాని కింద ఆకు పసుపు పడినా కనబడదు. తెల్లనిదే మేలు.

మొలక సాగేది చాలాసార్లు మొదటి రెండు రోజుల్లోనే. మొలకెత్తించేటప్పుడు ట్రే మీద కవరు కప్పి ఓ మూలన పెడతాం. తల పైకి కనబడిన రోజే కవరు తీసి దీపం కిందికి చేర్చాలి. ఒక్క రోజు ఆలస్యమైనా కాండం సాగుతుంది, సాగిన కాండం మళ్లీ పొట్టిబడదు. మీ మొలకలకు పక్కన చీపురు పుల్ల గుచ్చి వదులుగా దారం కట్టండి. వేరే గ్లాసులోకి మార్చేటప్పుడు మొదటి రెండాకులకు కాస్త కింది వరకు పూడ్చవచ్చు. కానీ టమాటా కాండానికి వేళ్లు దిగినంత సులువుగా మిర్చికి దిగవు కాబట్టి మిశ్రమం తడి తక్కువగా ఉండాలి. చిన్న ఫ్యాన్‌ను ఆకులు లేతగా ఊగేంత దూరంలో రోజూ రెండు మూడు గంటలు తిప్పండి, కాండం గట్టిపడుతుంది.

డిసెంబరులో దక్షిణం వైపు కిటికీ ఉంటే వాడుకోండి, ఆ రోజుల్లో సూర్యుడు దక్షిణానికి వాలి ఉండటంతో ఎండ లోపలిదాకా వస్తుంది. రాత్రి మాత్రం ట్రేను అద్దానికి దూరంగా జరపండి. మిర్చి విత్తనానికి 25 నుంచి 30 డిగ్రీల వెచ్చదనం కావాలి, అప్పుడు వారం నుంచి రెండు వారాల్లో మొలుస్తుంది. మన దగ్గర చలికాలపు రాత్రుళ్లలో ఇంకా ఆలస్యమవుతుంది, విత్తనం పాడైందని తవ్వి చూడకండి.

ప్రశ్న: మొలక తలకు విత్తనపు పొట్టు అంటుకుపోయి ఆకులు విచ్చుకోవడం లేదు. – మంచిర్యాల

జవాబు: పొట్టు మీద నీటిచుక్క పెట్టి అరగంట ఆగండి, మెత్తబడ్డాక వేళ్లతో మెల్లగా జరపండి. రాకపోతే మళ్లీ తడపండి, బలవంతంగా లాగితే తల తెగుతుంది. విత్తనాన్ని మరీ పైపైన వేయడం, మొలిచేటప్పుడు పైపొర ఎండిపోవడం దీనికి కారణాలు. ముప్పావు సెంటీమీటరు లోతున వేసి పైన వేలితో కాస్త అదమండి. మట్టిని తోసుకుని వచ్చేటప్పుడు పొట్టు అక్కడే ఊడిపోతుంది.

ప్రశ్న: నిన్న బాగున్న మొలకలు పొద్దునకల్లా నేల దగ్గర సన్నబడి పడిపోయాయి. ట్రేలో ఒక మూల నుంచి మొదలై పాకుతోంది. పసుపు చల్లితే సరిపోతుందా? – నిజామాబాద్

జవాబు: ఇది నారుకుళ్లు తెగులు. పసుపుతో ఆగదు. పిథియం, రైజొక్టోనియా వంటి సూక్ష్మజీవుల వల్ల వస్తుంది, తడి ఎక్కువై గాలి ఆడని చోట ఒక్క రాత్రిలో వరుసంతా పోతుంది. పడిపోయిన మొలక లేవదు. వాటిని చుట్టూ ఉన్న మిశ్రమంతో సహా తీసి చెత్తలో వేయండి, మళ్లీ ఏ కుండీలోనూ కలపొద్దు. మిగిలినవాటికి కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరు నీటికి 3 గ్రాములు కలిపి మొదళ్లు తడిచేలా పోయండి. మందు కలిపే పని గదిలో, వంటింట్లో వద్దు. బాల్కనీలోనో డాబా మీదో, చేతి తొడుగులు వేసుకుని కలపండి. దానికి వాడిన పాత్రను మళ్లీ ఇంటి పనికి వాడకండి.

మళ్లీ రాకుండా చూసుకోవడమే అసలు పని. పాత ట్రేలు, గ్లాసులు బ్లీచింగ్ కలిపిన నీళ్లలో నానబెట్టి కడగాలి. తోట మట్టిని అలాగే తెచ్చి నారుకు వాడొద్దు. ట్రైకోడెర్మా విరిడి (తెగులును అణిచే మేలు శిలీంధ్రం) పొడిని కిలో మిశ్రమానికి 5 గ్రాములు కలిపి, రెండు రోజులు నీడలో తేమగా ఉంచాక నింపండి. అయితే కాపర్ మందు పోసిన దానిలో ట్రైకోడెర్మా కలిపితే వృథా, ఆ మందు దాన్నీ చంపుతుంది. ఒక్కో గడిలో ఒక్కటే విత్తనం, సాయంత్రం కాకుండా పొద్దున్నే నీళ్లు: ఈ రెండూ పాటిస్తే సగం ముప్పు తప్పుతుంది.

ప్రశ్న: కొత్త ఆకులు పసుపు పడుతున్నాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. కుండీ అంచున తెల్లని పొర కడుతోంది. నీళ్లు వృథా కావద్దని ఆర్‌ఓ మిషన్ పక్క పైపు నుంచి వచ్చే నీళ్లు పోస్తున్నాను. – జనగామ

జవాబు: ఆ నీళ్లు ఇల్లు తుడవడానికి, బాత్రూం కడగడానికి వాడండి, నారుకు వద్దు. బోరు నీటిలో ఉన్న ఉప్పులను మిషన్ వడకట్టి పక్క పైపులోకి వదులుతుంది, అంటే మీరు పోసేది బోరు నీటికంటే చిక్కటి ఉప్పునీళ్లు. మన ప్రాంతపు బోరు నీళ్లలో చాలాచోట్ల సున్నపు గుణం ఎక్కువ. దాంతో మిశ్రమం పీహెచ్ పెరిగి, ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. ఇనుము లోపం ముందు లేత ఆకుల్లోనే కనిపిస్తుంది. ముదురాకులు కింది నుంచి పసుపు పడితే అది నత్రజని లోపం, రెండింటికీ మందు ఒకటి కాదు.

ముందు గ్లాసు కొలతకు మూడింతలు మంచినీళ్లు పోసి ఉప్పులు కిందికి కారేలా కడగండి. ఆ తర్వాత వాన నీళ్లు గానీ భగీరథ నల్లా నీళ్లు గానీ వాడండి. నల్లా నీళ్లను ఒక రాత్రి మూత లేని బకెట్‌లో ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది. బోరు నీళ్లే దిక్కయితే 20 లీటర్లకు 5 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి పీహెచ్ కాగితంతో చూడండి, 6 నుంచి 6.5 మధ్య ఉండాలి. ఎక్కువుంటే గ్రాము గ్రాముగా పెంచండి. ఆకుల మీదికి లీటరు నీటికి 2 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), అర గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయండి, వారం తర్వాత మరోసారి. పొలంలో దీనికంటే ఎక్కువ మోతాదు వాడతారు, లేత నారుకు అది మాడు తెస్తుంది.

ప్రశ్న: ఆకులు ముడుచుకుంటున్నాయి. గదిలో ఉన్న మొక్కకు పురుగు ఎలా వస్తుంది? – భూపాలపల్లి

జవాబు: కిటికీ జాలీలోంచి వస్తుంది, మన బట్టల మీదా వస్తుంది, మార్కెట్ నుంచి తెచ్చిన కొత్తిమీర కట్టలోనూ వస్తుంది. ముడత ఎటువైపో చూడండి. అంచులు పైకి లేచి పడవలా ఉంటే పై ముడత, తామర పురుగు పని. అంచులు కిందికి ముడిచి ఆకు సాగినట్టుంటే కింది ముడత, నల్లి (మైట్, మంచంలో ఉండే నల్లి కాదు) పని. 2021లో మన జిల్లాల మిర్చి తోటలను దెబ్బతీసిన నల్ల తామర పురుగు పూలలో గుంపులుగా చేరే రకం. నారులో మీరు చూసేవి లేత చిగురులో దాక్కుంటాయి. తెల్ల కాగితం మీద చిగురు దులిపితే సన్నని గీతల్లాంటి పురుగులు కదులుతూ కనబడతాయి. నల్లి కంటికి ఆనదు, భూతద్దం కావాలి.

ముడత కనబడ్డ గ్లాసును మిగతావాటి నుంచి వేరే గదిలోకి మార్చండి. తామర పురుగుకు వేపనూనె 1500 పీపీఎం లీటరుకు 5 మిల్లీలీటర్లు, రెండు చుక్కల సబ్బు నీళ్లతో ఆకు అడుగున తడిచేలా కొట్టి, దీపం ఆర్పిన తర్వాత ఆరనివ్వండి. ఐదు రోజులకోసారి మూడుసార్లు చేయాలి. దీపం పక్కన నీలం రంగు జిగురు అట్ట వేలాడదీయండి. నల్లికి నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు, కానీ వేపనూనె కొట్టిన రెండు వారాల లోపు గంధకం వాడితే ఆకులు మాడతాయి. ముడత లేకుండా మిశ్రమం మీద చిన్న నల్ల ఈగలు ఎగురుతుంటే అది వేరే సంగతి: పైపొర ఎప్పుడూ తడిగా ఉందని అర్థం. నీళ్లు తగ్గించి, పసుపు జిగురు అట్ట పెడితే చాలు.

ప్రశ్న: నారు ఎప్పుడు డాబా మీదికి మార్చవచ్చు? – నర్సంపేట

జవాబు: ఆరు నుంచి ఎనిమిది ఆకులు, పెన్సిల్‌లో సగం మందం కాండం వచ్చాక, అంటే ఇంచుమించు 40 రోజులకు. ఒక్కసారిగా ఎండలో పెడితే ఆకులు తెల్లగా కాలిపోతాయి. మొదటి రెండు రోజులు నీడలో, తర్వాత పొద్దుటి ఎండ గంటతో మొదలుపెట్టి రోజుకో గంట పెంచుతూ ఎనిమిది పది రోజుల్లో అలవాటు చేయండి. మార్చి నుంచి మే దాకా మార్చకపోవడమే మంచిది. తప్పదంటే 50 శాతం నీడనిచ్చే షేడ్ నెట్ కింద ఉంచండి.