పొద్దున్నే టిక్ టిక్ మనే పాత మారుతి

ప్రశ్న: మాది 2004 మారుతి 800. లక్షా పదివేల కిలోమీటర్లు తిరిగింది. స్టార్ట్ చేయగానే ఇంజన్ పైభాగం నుంచి కుట్టుమిషన్‌లా టిక్ టిక్ మంటుంది. ఎక్సలేటర్ నొక్కితే చప్పుడు కూడా జోరందుకుంటుంది. వేడెక్కినా పోవడం లేదు. షెడ్డులో మేస్త్రి ఇంజన్ దింపాలి, బోరు పని (సిలిండర్ల లోపలి గోడలు అరిగితే చేసేది) ఉందంటున్నారు. సాలూరు దాటి ఒడిశా వైపు ఘాట్ రోడ్డు ఎక్కాల్సిన పని తరచూ ఉంటుంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: ఇప్పుడే ఇంజన్ దింపించకండి. మీరు చెప్పిన గుర్తులు ఎక్కువగా టాపెట్ల (ఇంజన్ పైభాగంలో వాల్వులను నొక్కి తెరిచే భాగాల) వైపే చూపిస్తున్నాయి. ముందు బండిని చదునైన చోట పెట్టి, ఇంజన్ ఆపిన పది నిమిషాలకు డిప్‌స్టిక్ తీసి ఆయిల్ చూడండి. కింది గీత దగ్గరుంటే పోసి, మళ్లీ వినండి. సగం ఫిర్యాదులు ఇక్కడే తీరిపోతాయి.

ఆయిల్ సరిగా ఉంటే పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను టాపెట్ కవర్ మీద ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుని వినండి. ఫ్యాన్‌కు, బెల్టుకు చెయ్యి, తువ్వాలు దూరంగా ఉంచండి. అక్కడే గట్టిగా వినిపిస్తే టాపెట్లే. కింద ఆయిల్ ఛాంబర్ దగ్గర బరువుగా 'టక్ టక్' మంటూ, లోడు పడినప్పుడు పెరిగితే బిగ్ ఎండ్ బేరింగ్‌ను (పిస్టన్ రాడ్డు కింది చివర ఉండే బేరింగ్) అనుమానించాలి. అప్పుడు ఇంజన్ ఆపి ఒక ఇంజెక్టర్ కప్లర్ (పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్‌కు కరెంటు అందించే ప్లగ్గు) తీసి, కొద్దిసేపు నడిపి చూడండి. మూడు సిలిండర్లనూ ఇలా ఒక్కొక్కటిగా చూడాలి. ఏ సిలిండర్‌ది తీస్తే టక్కు బాగా తగ్గుతుందో తప్పు అక్కడుంది. అలాంటప్పుడు ఘాట్ మాట మరచిపోండి, బండిని లాగించుకుని వెళ్లడమే.

మరో పోలిక ఉంది. ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ (ఇంజన్ నుంచి పొగను బయటికి తీసుకెళ్లే గొట్టం) గాస్కెట్ లీకైనా అచ్చం టాపెట్‌లాగే టిక్ మంటుంది. కానీ ఇనుము వేడెక్కి సందు మూసుకోగానే తగ్గిపోతుంది, జాయింట్ దగ్గర నల్లటి మసి కనిపిస్తుంది. టాపెట్ గ్యాప్ (టాపెట్‌కూ వాల్వ్‌కూ మధ్య ఉండే సందు) అలా కాదు. ఈ ఇంజన్ హెడ్ అల్యూమినియం, వేడెక్కితే గ్యాప్ పెరుగుతుంది. అందుకే మీ చప్పుడు పోవడం లేదు.

టాపెట్ సెట్టింగ్ ఇంజన్ పూర్తిగా చల్లబడ్డాకే చేయాలి, రాత్రంతా ఆగిన బండి అయితే మంచిది. ఎయిర్ క్లీనర్, టాపెట్ కవర్, మూడు ప్లగ్గులు తీయండి. నాలుగో గేరు వేసి బండిని మెల్లగా ముందుకు తోస్తే ఇంజన్ తిరుగుతుంది. ఒకటో సిలిండర్ పిస్టన్ కంప్రెషన్ చివర పైకి వచ్చినప్పుడు దాని రెండు రాకర్లూ (వాల్వులను నొక్కే చేతులు) వదులుగా ఉంటాయి. 0.15 మిల్లీమీటర్ల ఫీలర్ బ్లేడు (సందు కొలిచే పలచని రేకు) ఆ సందులో పెట్టి లాగితే కాస్త పట్టి జారాలి. లాక్‌నట్ వదులు చేసి స్క్రూ సర్దండి. స్క్రూను కదలకుండా పట్టుకుని నట్ బిగించండి. బిగించాక మళ్లీ కొలవండి, ఎందుకంటే బిగింపులోనే గ్యాప్ మారిపోతుంది. మొత్తం ఆరు వాల్వులు. సిలిండర్లలో పెట్రోలు పేలే వరుస 1-3-2, మిగతా రెండింటినీ ఆ వరుసలోనే ఇలా సర్దండి. కవర్‌కు కొత్త గాస్కెట్ వేయండి, పాతది ఎండిపోయి ఆయిల్ కారుస్తుంది.

చప్పుడు పూర్తిగా పోవాలని గ్యాప్ తగ్గించి బిగించమని మాత్రం అడగకండి. వాల్వ్ సీటు మీద సరిగా కూర్చోక కాలిపోతుంది, అప్పుడు నిజంగానే హెడ్ దింపాల్సి వస్తుంది. కొద్దిపాటి టిక్కు మంచిదే. చిక్కటి ఆయిల్ పోసి దాచే ఉపాయం కూడా వద్దు. స్టార్ట్ చేసినప్పుడు రెండు మూడు సెకన్లు మాత్రమే గలగలమంటే ఆయిల్ ఫిల్టర్ మార్చి చూడండి.

ఘాట్‌లో లోడు మీద గులకరాళ్లు గిలకొట్టినట్టు చప్పుడొస్తే అది టాపెట్ కాదు, నాకింగ్ (సిలిండర్‌లో పెట్రోలు అదుపు తప్పి పేలడం). కింది గేరు వేసి, ఎక్సలేటర్ తగ్గించండి. తర్వాత టైమింగ్ (ప్లగ్గు నిప్పురవ్వ పడే సమయం), రేడియేటర్ నీళ్లు చూపించండి.

ప్రశ్న: మాది కళింగపట్నం దగ్గర. ఐడ్లింగ్‌లో కారు కింద రేకు కొట్టుకున్నట్టు గరగర, రేస్ చేస్తే పోతుంది.

జవాబు: అది సైలెన్సర్ హీట్ షీల్డ్ (సైలెన్సర్ వేడి పైకి తగలకుండా అడ్డుపెట్టే రేకు). సముద్రపు గాలికి దాని బోల్టులు తుప్పు పడతాయి. చల్లారాక చేత్తో తట్టండి, అదే గరగర వినిపిస్తే స్టీలు క్లాంపుతో బిగిస్తే సరిపోతుంది.