మొదటి జీతంతో బూట్లు

చిరంజీవి లలితకు అత్తయ్య ఆశీస్సులు.

మొదటి జీతంతో మీ అమ్మకు బూట్లు కొంటున్నావని మీ నాన్న చెప్పగానే నా మనసు నిండిపోయింది. అవి అడుగు గుండ్రంగా ఉండి, నిలబడితే ఊగే బూట్లని తెలిశాక మాత్రం రాత్రి నిద్ర పట్టలేదు.

కొలత సాయంత్రం చూడు, అప్పటికి పాదం కాస్త ఉబ్బుతుంది. వేళ్ల ముందు కొంచెం చోటుండాలి. ఇవి నీకూ తెలిసినవే.

2010లో మీ బావ అమెరికా నుంచి నాకూ అలాంటివే తెచ్చాడు. వేసుకుని నడిస్తే చాలు, పిక్కలు, తొడలు గట్టిపడతాయని పెట్టె మీద రాసి ఉంది. మొదటి వారం పిక్కలు బాగా లాగాయి. లాగుతున్నాయంటే పనిచేస్తున్నట్టేనని నమ్మాను. అదే నేను చేసిన తప్పు. కొత్త నడకకు ఎవరి కాళ్లయినా లాగుతాయి, అలవాటయ్యాక ఆ లాగడమూ పోతుంది. తొమ్మిదో రోజు పొద్దున పాలు తీసుకుని వస్తూ మన గేటు ముందు కాలువ మీది రాయిపై కాలు పెట్టాను. ఆ రాయి కదులుతుందని ఇరవై ఏళ్లుగా నా పాదానికి తెలుసు. ఆ దళసరి అడుగు మీద మాత్రం పాదానికి ఏమీ తెలియలేదు. పడ్డాను. కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పేదాకా ఆరు వారాలు మీ అమ్మే రోజూ వచ్చి నాకు జడ వేసింది, అన్నం కలిపి పెట్టింది. ఒకరోజు తలకు నూనె రాస్తూ, "వదినా, ఆ బూట్లు అటక మీద పెట్టేశాను, ఇక అడగకండి" అంది. ఆమె కాళ్లకే నువ్వు అవి తొడుగుతానంటే నేనెలా ఊరుకుంటాను?

ఆ ఏడాదే, వ్యాయామ శిక్షకులకు ధ్రువపత్రాలిచ్చే అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎక్సర్‌సైజ్ ఇలాంటి బూట్లను పరీక్ష చేయించింది. మామూలు బూట్లతో పోలిస్తే కండరాలు ఎక్కువ పనిచేసిందీ లేదు, కేలరీలు ఎక్కువ ఖర్చయిందీ లేదు. ప్రకటనల్లో చెప్పినదానికి తగిన ఆధారాల్లేవని, తప్పుడు ప్రకటనలపై చర్య తీసుకునే అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పట్టుకుంటే, కొన్నవాళ్లకు డబ్బు తిరిగి ఇవ్వడానికి 2011లో రీబాక్ రెండున్నర కోట్ల డాలర్లు, 2012లో స్కెచర్స్ నాలుగు కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నాయి. నావి ఆ రెండు కంపెనీలవీ కావు, కానీ ఆశ పెట్టిన తీరు ఒకటే. వంపు అడుగులు అన్నీ పనికిరానివని అనను. బొటనవేలి కీలు బిగుసుకుపోయిన వాళ్లకు, ఇంకా కొందరు షుగరు రోగులకు డాక్టర్లు పాదం పరీక్షించి అలాంటివి రాస్తారు. అది వైద్యం.

మీ అమ్మకు పదేళ్లుగా షుగరు. అరికాళ్లు మొద్దుబారుతున్నాయని పోయిన సంక్రాంతికి నాతో అంది, నీతో అనలేదు. నేల తెలియని పాదానికి ఊగే అడుగా, పిచ్చితల్లీ? ముందు పాదాలు డాక్టరుకు చూపించు. ఆయన వేరేగా చెప్పకపోతే, అడుగు సమంగా ఉండి మడమను గట్టిగా పట్టేవి చాలు. పొద్దున అరగంట నడిపించు. కుర్చీలోంచి చేతులు ఊతం పెట్టకుండా పదిసార్లు లేచి కూర్చోమను, పక్కన నువ్వుండు.

కొట్లో ముందు ఎడమ కాలికి తొడిగించు. ఆమె ఎడమ పాదం కాస్త పెద్దది. బిగుతుగా ఉన్నా, నీ డబ్బు ఇంకా ఖర్చవుతుందని సరిపోయిందనే అంటుంది.

మీ అత్తయ్య