గ్లూకగాన్ ఇంజెక్షన్: ఇంట్లో ఉంచుకునేవాళ్లకి

చి. లావణ్యకు,

బాబుకి రాత్రిపూట షుగర్ పడిపోతే, దాన్ని పెంచే గ్లూకగాన్ ఇంజెక్షన్ ఎప్పుడు ఇవ్వాలని అడిగావు. వణుకుతున్నా, చెమటలు పట్టినా, మెలకువగా ఉండి మింగగలిగితే ఇంజెక్షన్ అక్కర్లేదు, గ్లూకోజ్ నీళ్లు చాలు. పిలిస్తే పలకకపోయినా, ఫిట్స్ వచ్చినా అప్పుడు ఇది. ఆ స్థితిలో నోట్లో పంచదారగానీ తేనెగానీ పొయ్యకమ్మా, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. షుగర్ చూసే మీటరు కోసం వెతుకుతూ ఆలస్యం చెయ్యకు.

ముందు పక్కకి తిప్పి పడుకోబెట్టు, ఈ మందుకి వాంతి మామూలే. కిట్‌లో సీసాలో 1 మి.గ్రా. పొడి, సిరంజిలో 1 మి.లీ. నీళ్లు ఉంటాయి. కంగారులో ఆ ఉత్త నీళ్లే పొడిచేస్తుంటారు, మందేమో సీసాలోనే ఉండిపోతుంది! నీళ్లన్నీ సీసాలోకి ఎక్కించి, సూది తియ్యకుండానే మెల్లగా తిప్పు. తేటగా కరగాలి. గడ్డలు, జిగురు కనిపిస్తే వాడొద్దు. సీసా తలకిందులు చేసి, సూది మొన మందులో మునిగుండగా లాగి, గాలి బుడగలు తీసెయ్. తొడ బయటివైపు కండలోకి నిటారుగా గుచ్చు.

పెద్దలకు మొత్తం, చిన్నపిల్లలకు సగం, అంటే 0.5 మి.లీ. ఆ సగం కొన్ని కిట్లలో 25 కిలోల లోపు, కొన్నింట్లో 20 లోపు. మీవాడు 22 కిలోలు గనక డాక్టర్ని ఇప్పుడే అడిగి డబ్బా మీద పెద్దక్షరాలతో రాసిపెట్టు.

ఒకరు ఇంజెక్షన్ కలుపుతుండగానే ఇంకొకరు 108కి ఫోన్ చెయ్యాలి. ఎందుకంటే గ్లూకగాన్ చక్కెర కాదు, కాలేయంలో దాచుకున్న నిల్వని కరిగించి రక్తంలోకి వదిలిస్తుందంతే. రోజంతా తిండి లేనివాళ్లకి, బాగా తాగినవాళ్లకి ఆ నిల్వే ఉండదు, సెలైన్‌లా నరానికి డెక్స్‌ట్రోజ్, అంటే గ్లూకోజే, ఎక్కించాల్సిందే. మామూలుగా 10-15 నిమిషాల్లో లేస్తాడు. మింగగలిగాక తీపి నీళ్లు, ఆ తర్వాత అన్నమో బిస్కెట్లో పెట్టు. నిల్వ ఖర్చైపోయింది కాబట్టి ఆ రాత్రి మళ్లీ మళ్లీ షుగర్ చూడు.

మీ మామగారు షుగర్‌కి గ్లిమిపిరైడ్ మాత్ర వాడుతున్నారన్నావు. ఆయనకి ఇచ్చి లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఆ మాత్ర గంటల తరబడి షుగర్‌ని మళ్లీ కిందికి లాగుతుంది.

గడువు దాటిన కిట్ పారెయ్యకు. చెయ్యి అలవాటవడానికి మీ అత్తగారి చేత దాన్నే కలిపించి, బత్తాయిపండుకి గుచ్చించు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ