పెంపుడు ఎలుక అనవచ్చా?

సందేహం: మా అమ్మాయి రెండు తెల్ల ఎలుకలను పెంచుతోంది. స్కూలు వ్యాసంలో 'మా పెంపుడు ఎలుకలు' అని రాస్తే మా మామగారు కొట్టేశారు. పెంపుడు అన్నది కుక్కకో చిలకకో చెల్లుతుంది, ఎలుకకు 'బెడద' అన్న మాటే తగినదట. పోనీ మర్యాదగా ఉంటుందని నేను 'పెంపుడు మూషికం' అని దిద్దాను. భుజం మీద కూర్చుని సంతోషంగా పళ్లు నూరుతుందని కూడా రాసింది పిల్ల. ఇందులో ఏవి ఒప్పు? – ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీ అమ్మాయి రాసిన మాటే బాగుంది. మీ దిద్దుబాటే నాకు నచ్చలేదు. సంస్కృతం మాట వేస్తే మర్యాద వస్తుందనుకోవడం ఈ మధ్య బాగా ముదిరింది. 'ముష స్తేయే' అంటుంది ధాతుపాఠం, అంటే సంస్కృత క్రియల మూలరూపాల పట్టిక. స్తేయం అంటే దొంగతనం. మన పండితులు మూషిక శబ్దాన్ని ఈ ధాతువు నుంచే సాధించారు. మోషకుడు అన్నా దొంగే. అంటే మీరు పిల్ల చేత 'మా పెంపుడు దొంగ' అని రాయించారన్నమాట! లాటిన్, గ్రీకుల్లోని 'మూస్', ఇంగ్లీషు 'మౌస్' కూడా మూషికానికి చుట్టాలే. అమరకోశంలో దాని పక్కనే ఉన్న 'ఆఖువు' కాస్త నయం, తవ్వేది అని మాత్రమే అర్థం.

మన ఎలుక మీద ఆ మచ్చ లేదు. తమిళ మలయాళాల్లో ఎలి, కన్నడంలో ఇలి, మనకు ఎలుక. పేరు పెట్టి పిలిస్తే నేరం మోపినట్టు కాదు. అలాగని తెలుగువాడు దాన్ని వదిలిపెట్టాడా? లేదు. పేరులో పెట్టని నేరాన్ని కన్నంలో పెట్టాడు. గోడకు దొంగ వేసేదీ కన్నమే, ఎలుక చేసేదీ కన్నమే. క్రియ చూడండి: దొంగ పర్సు కొట్టేశాడు, ఎలుక చీర కొట్టేసింది. ఎలుక కొట్టిన చీర మడతలు విప్పితే ఒకే కన్నం వరసగా నాలుగు చోట్ల కనిపిస్తుంది. అది చూసినవాళ్లకు ఆ క్రియ ఎంత సరైనదో తెలుస్తుంది. ఇప్పుడు 'ఎలుకలు వస్త్రాలను ధ్వంసం చేశాయి' అని రాస్తున్నారు. ఇంత మంచి క్రియను చేతిలో పెట్టుకుని ధ్వంసం ఎందుకు? ఎలుక ముందుపళ్లు అది బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి, అది కొరకకుండా ఉండలేదు.

పందికొక్కు గురించి ఒక్క మాట. ఇంగ్లీషు 'బాండికూట్' మన తెలుగు మాటే.

ఇక 'పెంపుడు'. పెంపుడు కొడుకు అంటే మనం పెంచినవాడు. పెంపుడు తల్లి అంటే మనల్ని పెంచినది. పెరిగినవాళ్లకూ పెంచినవాళ్లకూ ఒకే మాట వాడే భాష మనది. అందులో ఉన్నది బంధం. కోళ్ల పెంపకంలో అది ఉండదు. ప్రయోగశాలలో వందల ఎలుకలను పెంచుతారు, వాటిని పెంపుడు ఎలుకలు అంటే నేను ఒప్పుకోను. మీ ఇంట్లో ఉన్నవి రెండే, పిల్ల భుజం ఎక్కుతున్నాయి. 'పెట్ ర్యాట్స్' అని రాయకుండా తెలుగులో రాసినందుకు దాన్ని మెచ్చుకోవాలి.

మీ మామగారిని పూర్తిగా తోసిపుచ్చను. పెంచుకునే ఎలుకలూ, మురుగు కాలవలో తిరిగే గోధుమరంగు ఎలుకలూ సాధారణంగా ఒకే జాతి. 1769లో జాన్ బెర్కెన్‌హౌట్ అనే ఇంగ్లీషు ప్రకృతి శాస్త్రజ్ఞుడు దానికి 'నార్వే ఎలుక' అని శాస్త్రనామం పెట్టాడు. నిజానికి దాని పుట్టిల్లు ఆసియా. బియ్యం డబ్బా దగ్గర దాన్ని చూసినవాళ్ల నోట బెడద అన్న మాట రాకుండా ఎలా ఉంటుంది? కాబట్టి పెంపుడు ఎలుకకు వ్యాకరణం అడ్డు చెప్పదు కానీ అందరి చెవికీ ఇంకా అలవాటు కాలేదు. ఇంట్లో పేచీ తెగకపోతే 'మాలిమి ఎలుక' అనమనండి. మాలిమి అంటే మచ్చిక. చక్కటి మాట, వాడక పాడవుతోంది.

పళ్లు నూరడం మాత్రం మార్పించండి. తెలుగులో పళ్లు నూరితే అది కోపం, కక్ష. ఎలుక హాయిగా ఉన్నప్పుడు కూడా పళ్లు సన్నగా రాపాడించుకుంటుంది, నిజమే. పిల్లికైతే గురగుర ఉంది. దీనికి సరిపోయే మాట నాకు తట్టలేదు. రోజూ చెవి దగ్గరే వింటోంది గనుక ఆ చప్పుడును మీ అమ్మాయి ఏమంటుందో అడిగి నాకు రాయండి.