కళింగపట్నం చూడ్డానికి గైడ్ కావాలా?

ప్రశ్న: సంక్రాంతికి మా అబ్బాయి, కోడలు, మనవలు హైదరాబాద్ నుంచి వస్తున్నారు. ఒకరోజు కళింగపట్నం తీసుకెళ్దామనుకుంటున్నాం. ఊరంతా నడిపించి పాత రేవు సంగతులు చెప్పే ఒకాయన ఉన్నాడట, మనిషికి ఇంతని తీసుకుంటాడట. మా ఆయనేమో "సొంత జిల్లాలో మనకి గైడేమిటి, బీచ్‌లో కాసేపు కూర్చుని వచ్చేద్దాం" అంటున్నారు. డబ్బు దండగంటారా?
– ఒక పాఠకురాలు, ఆమదాలవలస

జవాబు: దండగ కాదమ్మా, తప్పకుండా మాట్లాడుకోండి. విజయనగరం కోట ముందు నిలబడితే ఎవరూ చెప్పకపోయినా అది కోటని తెలుస్తుంది. కళింగపట్నం అలాంటిది కాదు. లైట్‌హౌస్, దర్గా, ఇసుక, పడవలు, నది సముద్రంలో కలిసే మొగ, పైకి కనిపించేది ఇంతే. ఒకప్పుడు ఇక్కడ ఓడలు ఆగేవంటే పిల్లలు ఎక్కడ ఆగేవని చుట్టూ వెతుకుతారు, చూపించడానికి గట్టు కూడా ఉండదు. ఎందుకంటే ఓడలు ఒడ్డుకి వచ్చేవే కావు. దూరంగా లోతు నీళ్ళలో లంగరు వేసుకుని ఉంటే సరుకంతా మసూలా పడవల మీద అలలు దాటించి చేరవేసేవారు. ఆ పడవల పలకలకి మేకులు కొట్టేవారు కాదు, కొబ్బరి తాడుతో కుట్టేవారు. మేకు కొట్టి బిగించిన పడవ కెరటం గట్టిగా నేలకి కొడితే విరిగిపోతుంది, కుట్టిన పడవ వంగి తట్టుకుంటుంది. ఈ ఒక్క మాట ఆ ఒడ్డునే నిలబెట్టి, ఎదురుగా అల విరుగుతుండగా చెప్పే మనిషి ఉంటే మీ మనవలు పెద్దయ్యాక కూడా మర్చిపోరు.

ఇందులో మీ ఊరి కథ కూడా ఉంది. 1890ల్లో మద్రాసు నుంచి కలకత్తా వైపు రైలు మార్గం వేసినప్పుడు అది మన జిల్లాలో కళింగపట్నాన్ని తాకకుండా లోపలి నుంచి వెళ్ళిపోయింది. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ మీ ఆమదాలవలసలోనే కదా, సముద్రం మీద వెళ్ళే సరుకు మెల్లగా అక్కడికి చేరి రైలెక్కింది, చిన్న రేవుల కళ తగ్గిపోయింది. మీ ఆయనకి ఈ సంగతి చెప్పి చూడండి, నడవడానికి ఆయనే ముందుంటారు.

అయితే మనిషిని చూసి మాట్లాడుకోండి. ఆ ఊరివాడో, ఆ ఊళ్ళో ఏళ్ళ తరబడి ఉన్నవాడో అయితే మంచిది. ఫోన్‌లోనే "వంశధార సంగతి కూడా చెబుతారా?" అని అడగండి. నది గురించి చెప్పకుండా ఈ ఊరి గురించి చెప్పడం కుదరదు. ఒడిశాలో పుట్టి వచ్చే ఈ నది ఒడ్డునే, పైన ముఖలింగం ఉంది, తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం అదేనని చరిత్రకారులు గుర్తించారు. ఇంకా కిందికి వస్తే శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాలు, చిట్టచివర ఈ రేవు. రాజధాని, ఆరామం, రేవు మూడూ ఒకే నీటి దారి మీద ఉన్నాయని అర్థమైతే ఊరికి అంత పేరెందుకో కూడా అర్థమవుతుంది. అలా కాకుండా ఆయన కనిపించిన ప్రతి రాయీ అశోకుడు వేయించిందేనని మొదలుపెడితే మాత్రం వేరే మనిషిని చూసుకోండి. "ఇది శాసనంలో ఉంది, ఇది మా పెద్దవాళ్ళు చెప్పుకునే మాట" అని విడదీసి చెప్పేవాడికి నాలుగు డబ్బులు ఎక్కువిచ్చినా నష్టం లేదు. బేరం మాత్రం ముందే తేల్చుకోండి, ఎంతసేపు, ఎంతమందికి, పిల్లలకి ఎంత, అన్నీ.

తెల్లవారేసరికి ఒడ్డున ఉండేలా బయల్దేరండి, శ్రీకాకుళం నుంచి 30 కిలోమీటర్ల లోపే. అదృష్టం ఉంటే అలివి వల లాగడం చూస్తారు. ఒడ్డున రెండు జట్లు దూరదూరంగా నిలబడి చెరో తాడూ పట్టుకుని, మడమలు ఇసుకలో దిగేసి, వెనక్కి వెనక్కి నడుస్తూ లాగుతారు. వల దగ్గరికొచ్చే కొద్దీ రెండు జట్లూ దగ్గరవుతాయి. అప్పుడు పిల్లలు పరిగెత్తుకెళ్ళి తాడు దాటకుండా చూసుకోండి, అది వాళ్ళ పూట గడిచే పని. ఫోటో తీసే ముందు ఒక మాట అడగండి, ఎండు చేపలు ఆరబెట్టుకునే ఆడవాళ్ళ దగ్గరైతే మరీను. అడిగితే కాదనరు, ఇంకో నాలుగు కబుర్లు కూడా చెబుతారు. తుఫానుల గురించి వాళ్ళనే అడగండి. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుఫాను తీరం దాటింది ఈ ఊరి దగ్గరే. ఆ రాత్రి సంగతి ఏ గైడూ వాళ్ళలా చెప్పలేడు.

ఒక్క విషయంలో మాత్రం మొహమాటం వద్దు. మొగ దగ్గర పిల్లల్ని నీళ్ళలోకి దింపకండి, మోకాలి లోతేనని కనిపించినా సరే. నది తోపు, సముద్రం లాగుడు అక్కడ కలుస్తాయి, ఇసుక తిన్నెలు జరిగిపోతుంటాయి, నిన్న మెరక ఉన్నచోట ఇవాళ గుంట ఉంటుంది.

లైట్‌హౌస్ ఎక్కనిచ్చే వేళలు ముందే కనుక్కుని వెళ్ళండి. దర్గాలోకి వెళ్తే తల మీద కొంగో రుమాలో కప్పుకోండి. అక్కడి నుంచి బండి మీద శాలిహుండం వెళ్ళి, ఎండ ముదరకముందే కొండెక్కేయండి. గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు 1919లో వెలుగులోకి తెచ్చిన చోటు అది, వ్యావహారిక భాష కోసం పోరాడిన ఆ గిడుగువారే. పైనుంచి చూస్తే వంశధార వంపు తిరిగి సముద్రం వైపు వెళ్ళడం కనిపిస్తుంది. పొద్దున విన్న నీటి దారి కథ మనవలకి అక్కడ వేలు పెట్టి చూపించండి.

ప్రశ్న: మేమూ కళింగపట్నం వెళ్దామనుకుంటున్నాం. మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఎక్కువ నడవలేదు. ఆమెని ఇంట్లో వదిలి వెళ్ళడం ఇష్టం లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: వదిలి వెళ్ళకండి. ఇసుకలో నడక మామూలు నడక కంటే మోకాళ్ళకి కష్టం కాబట్టి ఒడ్డు దాకా బండి వెళ్ళేచోట ఒక కుర్చీ వేసి కూర్చోబెట్టండి, గైడ్‌ని మొదటి అరగంట ఆమె దగ్గరే నిలబడి చెప్పమనండి. మంచివాడైతే సంతోషంగా చెబుతాడు. శాలిహుండం కొండ ఆమెకి వద్దు. దానికి బదులు గార మండలంలోనే ఉన్న శ్రీకూర్మం తీసుకెళ్ళండి. స్వామి పడమర ముఖంగా ఉంటాడు, ధ్వజస్తంభాలు రెండు, మండపం గోడల మీద పాత రంగుల బొమ్మలు. కొండెక్కే పని లేదు, నీడలో కూర్చుంటూ లేస్తూ తీరిగ్గా చూడొచ్చు. మీరు కొండెక్కి వచ్చేదాకా ఆమెకి తోడుగా ఎవరుంటారో ముందే అనుకోండి.