టిల్లర్ పట్టే ముందు ఇది చదువు

చిన్నోడా,

నేల దున్నే టిల్లర్ మిషన్ కొన్నానని ఫోటో పెట్టావుగా, చూసి చాలా సంతోషం వేసింది. కానీ ఆ ఫోటోలో నీ కాళ్ళకి హవాయి చెప్పులు చూసేసరికి గుండె గుభేలుమంది. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావని రాస్తున్నా, ఓపిగ్గా కూర్చుని చదువు.

అన్నిటికంటే ముందు హ్యాండిల్ మీద ఉండే ఆ క్లచ్ లివర్ గురించి చెప్పాలి. దాన్ని నొక్కి పట్టుకున్నంతసేపే బ్లేడ్లు తిరగాలి, వదిలేస్తే ఆగాలి, నువ్వు పడిపోయినా చెయ్యి జారినా మిషన్ ముందుకి పోకూడదనే దాన్ని అలా పెట్టారు. అరగంట తోలేసరికి వేళ్ళు లాగేస్తాయి, అప్పుడు దీన్ని కట్టేస్తే పోలా అనిపిస్తుంది. నాకూ అనిపించింది, బైండింగ్ వైరు రెండు చుట్లు చుట్టి హ్యాండిల్‌కి బిగించేశా. రెండు సాళ్ళు హాయిగా నడిచింది. మూడో సాలులో మట్టి కింద పాత చెట్టు వేరు ఒకటి, బొటనవేలంత లావుది, బ్లేడ్లకి తగిలింది, మిషన్ ఒక్కసారి ముందుకి దూకింది, నేను మోకాళ్ళ మీద పడ్డా, హ్యాండిల్ చేతిలోంచి పోయింది, లివర్ కట్టేసి ఉంది కదా, నేను లేకుండానే అది పోతూనే ఉంది. కంచె దాకా పోయి జాలీ చుట్టుకుంటేగానీ ఇంజన్ ఆగలేదు. ఆ దారిలో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. ఆ జాలీ తీగ బ్లేడ్లకి ఎంత బిగుసుకుపోయిందంటే కటింగ్ ప్లేయర్‌తో ముక్కలు ముక్కలుగా కోసి తీశా, తీస్తున్నంతసేపూ ఇదే కాలు అయ్యుంటే అని చేతులు వణుకుతూనే ఉన్నాయి. కాబట్టి తాడు, టేపు, వైరు, ఏదీ ఆ లివర్ దగ్గరికి రానీకు.

ఇంకో సంగతి, ఇది చాలామందికి తట్టదు. మిషన్ దూకినప్పుడు మన చెయ్యి దానంతటదే ఇంకా గట్టిగా బిగుస్తుంది, హ్యాండిల్‌తో పాటు లివర్ కూడా ఆ పిడికిట్లోనే ఉంటుంది, అంటే ఆపాల్సిన టైంలోనే మనం దాన్ని నడిపిస్తున్నాం అన్నమాట. అందుకని వదలడం ప్రాక్టీస్ చెయ్యాలి. మొదటిరోజు మెత్తటి నేల చూసుకుని, రెండడుగులు తోలు, వదులు, మళ్ళీ రెండడుగులు, వదులు, అలా ఓ పది పదిహేను సార్లు. దాంతో కుస్తీ పట్టకు, దాని బలం ముందు మన బలం ఎంత, లాగింది అంటే వదిలెయ్యడమే.

అసలు అదెందుకు దూకుతుందో తెలుసా? నీది ముందు బ్లేడ్లు ఉన్న రకం కదా, నేల మెత్తగా ఉంటే బ్లేడ్లు మట్టిలోకి దిగి తవ్వుతాయి, గట్టిగా ఉంటే దిగలేక చక్రాల్లాగా పైనే దొర్లుతూ మిషన్‌ని లాక్కుపోతాయి. కాబట్టి గట్టి నేలలో ఒకేసారి లోతుకి పోవద్దు, మొదటిసారి రెండు మూడు అంగుళాలు, తర్వాత అడ్డంగా ఇంకోసారి తోలితే ఆరు ఎనిమిది అంగుళాలు దిగుతుంది, కూరగాయలకి అది చాలు. వెనక కిందకి దిగే కడ్డీ ఉంటుంది చూడు, దాన్ని కిందకి దించితే మిషన్ నెమ్మదిగా నడిచి లోతుగా తవ్వుతుంది, పైకి లేపితే త్వరగా పోతుంది. అది సరిగ్గా పెట్టుకుంటే నీ నడుముకి సగం కష్టం తగ్గుతుంది.

నేల పదును కూడా చూసుకో. పిడికెడు మట్టి తీసి గట్టిగా నొక్కు, ముద్ద అయ్యి వేలితో పొడిస్తే విడిపోవాలి, అది పదును. వేలు పెడితే బురదలా అతుక్కుంటే ఆగు, తడి నేల తోలితే కాలు జారుతుంది, పైగా ఆరాక ఆ పెళ్ళలు ఇటుకల్లా అవుతాయి.

స్టార్ట్ చేసే ముందు స్థలం అంతా ఒకసారి నడిచి చూడు. రాళ్ళు, గాజు పెంకులు, తాళ్ళు, వైర్ల ముక్కలు ఏరెయ్యి, రాయి తగిలితే గుండులా లేస్తుంది. మట్టి కింద కరెంటు కేబులో నీళ్ళ పైపో పోతోందా అనేది అనుమానం ఉన్నా సరే తెలుసుకునేదాకా అక్కడ తోలకు. పిల్లలు, కుక్క, ఎవరూ ఆ చుట్టుపక్కల ఉండకూడదు, ఎవరైనా దగ్గరికొస్తే ముందు లివర్ వదులు, తర్వాతే మాట్లాడు.

రివర్స్ మాత్రం చాలా జాగ్రత్త నాన్నా. వెనక గోడో చెట్టో ఉంటే మిషన్‌కీ దానికీ మధ్య నలిగిపోతాం, వెనక్కి నడుస్తూ కాలు జారితే బ్లేడ్లు మన మీదకే వస్తాయి. గోడ పక్కన సాలు తోలేటప్పుడు గోడ నీ వీపు వెనక కాదు, పక్కన ఉండేలా చూసుకో. రివర్స్ వెయ్యాల్సిందే అంటే వెనక్కి తిరిగి చూసి, ఇంజన్ స్పీడ్ బాగా తగ్గించి, రెండడుగులే. వాలు ఎక్కువ ఉన్న చోట అసలు మిషన్ దించకు, పారతో తవ్వుకో.

గరిక, తీగలు బ్లేడ్లకి చుట్టుకోవడం రోజూ ఉండేదే. చేత్తో లాగేద్దాం అనిపిస్తుంది. లివర్ వదిలాక కూడా బ్లేడ్లు కాసేపు తిరుగుతాయి కాబట్టి ఇంజన్ ఆపు, పూర్తిగా నిలిచేదాకా ఆగు, ఇంజన్‌కి నిప్పురవ్వ ఇచ్చే స్పార్క్ ప్లగ్ మీది క్యాప్ పీకి దూరంగా పెట్టు, గ్లౌజులు వేసుకుని కత్తితో కొయ్యి. ఆ క్యాప్ పీకడానికి అర నిమిషం కూడా పట్టదు, చుట్టుకున్న ప్రతిసారీ పీకాల్సిందే.

పెట్రోలు ఇంజన్ చల్లారాకే పొయ్యి, బయట ఆరుబయట పొయ్యి, ఒలికితే తుడిచి అది ఆరేదాకా స్టార్ట్ చెయ్యకు. షెడ్డులో తలుపులేసి ఇంజన్ నడపొద్దు, ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన ఉండదు, మనిషికి తెలియకుండానే ప్రాణం తీస్తుంది. బూట్లు, ఫుల్ ప్యాంటు, కళ్ళద్దాలు, చెవులకి మఫ్స్ వేసుకో, తువ్వాలు మాత్రం మెడలో వేలాడకూడదు. ఇరవై నిమిషాలకోసారి ఆపి చేతులు దులుపుకో, గంటలు గంటలు ఆ అదురులో ఉంటే వేళ్ళు మొద్దుబారతాయి, ఏళ్ళ తరబడి అలాగే చేస్తే ఆ తిమ్మిరి ఇక పోదు.

రేపు మట్టిలోకి దించకముందు బ్లేడ్లు గాల్లో తేలేలా హ్యాండిల్ నొక్కిపెట్టి లివర్ పట్టు, తర్వాత వదిలి మనసులో లెక్కపెట్టు. రెండు మూడు లెక్కల్లో ఆగాలి. అలా ఆగకుండా తిరుగుతూనే ఉంటే ఇంజన్ ఆఫ్ చేసి, క్లచ్ కేబుల్ మెకానిక్‌తో అడ్జస్ట్ చేయించేదాకా ముట్టుకోకు. ఎన్ని లెక్కలకి ఆగిందో నాకు ఫోన్ చేసి చెప్పు, ఎదురుచూస్తుంటా.

నీ పెదనాన్న